ఒకే ఓగర్, మూడు పద్ధతులు: రాక్షసులతో ఫైట్ నడపడానికి ఏది మేలు?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు నడిపే డీఎంలు ఇద్దరు కలిస్తే ఎంతసేపటికీ తెగని వాదన ఒకటుంది. రాక్షసుణ్ణి ప్లేయర్ల బలానికి తగ్గట్టు కొలిచి పెట్టాలా, కథలో వాడు ఎంత బలంగా ఉండాలో అంత బలంగానే వదిలెయ్యాలా, లేకపోతే ఫైట్ మధ్యలో పరిస్థితి చూసుకుని తెర వెనక చాటుగా సర్దెయ్యాలా? మూడు పద్ధతుల వాళ్లూ కోరుకునేది ఒకటే: టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకి ప్రాణభయం నిజంగా ఉండాలి, కానీ క్యారెక్టర్ పోయిన రోజున "ఇదేం అన్యాయం" అని ఎవరూ లేచిపోకూడదు. నా ఓటు రెండో పద్ధతికి, అయితే దానికి ఒక ముఖ్యమైన అతుకు వెయ్యాలి. మొదటిది చేతికి అందేంత దూరంలో ఉంచుకోవాలి. మూడోదాని జోలికి దాదాపు పోనే కూడదు.

ఈ ఆటలు కొత్తవాళ్లకి ఒక్క ముక్క. డీఎం (డంజియన్ మాస్టర్) అంటే కథ చెప్పేవాడు, రాక్షసుల తరఫున డైస్ వేసేవాడు కూడా. మిగతావాళ్లు తలా ఒక క్యారెక్టర్ ఆడతారు. అంటే న్యాయం చెప్పేవాడూ వాడే, శత్రువు వైపు ఆడేవాడూ వాడే. చిక్కంతా ఇక్కడే ఉంది.

మూడింటినీ గాల్లో పోల్చడం కంటే ఒకే ఫైట్‌ని మూడు రకాలుగా నడిపి చూద్దాం. మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, ఒక ఫ్లాట్ హాల్లో ఆదివారం భోజనాలయ్యాక మొదలెడతాం. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేసే అన్న ఒకరు, బ్యాంకులో పనిచేసే అక్క, యూనివర్సిటీ కుర్రాళ్లిద్దరు. ఆటలో లోకం ఊహే అయినా కొండలు మాత్రం అనంతగిరివే, గుహ మన బొర్రా గుహలాంటిదే: సున్నపురాయి స్తంభాలు, లోపల పారే ఏరు, పైన కన్నంలోంచి పడే వెలుగు. (ఈ పక్క వాళ్లకి గుహ అంటే పెద్ద వర్ణన అక్కర్లేదు, చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో అందరూ చూసినదే.) ఆ గుహలో ఒక ఓగర్, అంటే మనుషుల్ని తినే భారీ రాక్షసుడు. ఎదురుగా మొదటి లెవెల్ క్యారెక్టర్లు నలుగురు: ఫైటర్ (యోధుడు), క్లెరిక్ (దైవశక్తి ఉన్న పూజారి), రోగ్ (చాటుగా దెబ్బతీసే దొంగ), విజర్డ్ (మాంత్రికుడు).

ఓగర్ సంగతి కాస్త తెలియాలి. 2014 నాటి రూల్స్‌లో వాడికి 59 హిట్ పాయింట్లు, అంటే అన్ని పాయింట్ల దెబ్బలు తింటేనే పడతాడు. దుడ్డుకర్రతో కొడితే 2డీ8+4 (ఎనిమిది ముఖాల డైస్ రెండు వేసి, 4 కలపడం), సగటున 13. మా విజర్డ్‌కి ఉన్నవి 7 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే కొట్టేవాడికి రావాల్సిన అంకె) 12. ఓగర్ వేసే నాలుగు దెబ్బల్లో మూడు తగులుతాయి. అంతకన్నా అన్యాయమైన రూల్ ఇంకొకటుంది: సున్నాకి పడ్డాక మిగిలిన డ్యామేజ్ నీ మొత్తం హిట్ పాయింట్లకి సమానమైతే డెత్ సేవ్‌లు (బతికే అవకాశం కోసం వేసే డైస్) కూడా ఉండవు, అక్కడికక్కడే చావు. అంటే 14 పడితే చాలు. లెక్క కడితే, ఓగర్ విజర్డ్ మీదికి కర్ర ఎత్తిన ప్రతిసారీ మూడింట ఒక వంతు కన్నా కాస్త ఎక్కువే అవకాశం, ఆ కుర్రాడు ఆ దెబ్బకే పోవడానికి. ఇక చూద్దాం.

కొలిచి పెట్టడం

ఇది పుస్తకం నేర్పే పద్ధతి. ప్రతి రాక్షసుడికీ ఎంత ప్రమాదకరమో చెప్పే ఒక ఛాలెంజ్ రేటింగ్, దానికి ఇన్ని ఎక్స్‌పీ (అనుభవం) పాయింట్లు, ప్లేయర్ల లెవెల్‌ని బట్టి డీఎం చేతిలో ఒక బడ్జెట్. ఓగర్ రేటింగ్ 2, విలువ 450. మొదటి లెవెల్ నలుగురికి 2014 పుస్తకం గీసిన 'డెడ్లీ' గీత 400 దగ్గరుంది, కాబట్టి ఓగర్ ఒక్కడే దాన్ని దాటేశాడు. అదే నలుగురూ రెండో లెవెల్‌కి వస్తే ఆ 450 'మీడియం' అవుతుంది. మూడో లెవెల్‌కి వస్తే 'ఈజీ'. ఈ పద్ధతి నమ్మేవాడు ఏం చేస్తాడంటే, మొదటి లెవెల్‌లో ఆ గుహలో ఓగర్‌ని పెట్టనే పెట్టడు. వాడి బదులు ఇద్దరు గోబ్లిన్‌లు (చిన్నపాటి రాక్షసులు) ఉంటారు, ఓగర్ తర్వాతెప్పుడో వస్తాడు.

దీన్ని తీసిపారెయ్యకూడదు. కొత్త డీఎంకి రాక్షసుల పుస్తకం తెరిస్తే ఏది పిల్లి, ఏది పులి అన్నది అసలు తెలియదు. ఆ రేటింగ్ లేకపోతే మొదటి రోజే అందరినీ చంపేసి, ఎందుకు చచ్చారో తనకే అర్థంకాక కూర్చుంటాడు. ఇంకో మేలు కూడా ఉంది: సంఖ్య బలం ఎంత పెద్ద విషయమో ఇది నేర్పుతుంది. నలుగురు ప్లేయర్లు రౌండ్‌కి నాలుగు పనులు చేస్తారు, ఓగర్ ఒక్కటే చేస్తాడు. ఎనిమిది గోబ్లిన్‌లు ఎనిమిది చేస్తాయి. అందుకే 2014 పుస్తకం రాక్షసుల సంఖ్యని బట్టి లెక్కని పెంచమంది, ఇద్దరుంటే ఒకటిన్నర రెట్లు, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా రెండు రెట్లు, అలా.

కానీ అంకె చూసి నిశ్చింతగా నిద్రపోయేంత సీన్ లేదు. నాలుగు గోబ్లిన్‌లని తీసుకోండి, ఒక్కొక్కటి 50. మొత్తం 200, రెండు రెట్లు చేస్తే 400, మొదటి లెవెల్ నలుగురికి ఇది సరిగ్గా 'డెడ్లీ'. 2024లో వచ్చిన కొత్త గైడ్‌లో ఆ రెట్టింపు ఎత్తేశారు, మెట్లు కూడా మూడే ఉంచారు: లో, మోడరేట్, హై. ఆ లెక్కలో అవే 200 పాయింట్లు 'లో'. ఒక పుస్తకం ప్రాణాంతకం అన్నదాన్ని ఇంకో పుస్తకం తేలిక అంటోంది, రెండూ ఒకే ఆట పుస్తకాలు. ఎవరిది తప్పు అని నేను అడగను. గోబ్లిన్‌లు చెట్టు మీద నుంచి బాణాలు వేస్తే మొదటి పుస్తకం రైటు, తలుపులోంచి ఒక్కొక్కటిగా వస్తే రెండోది రైటు. 1987లో ఈ ఆటల గురించి వచ్చే డ్రాగన్ పత్రిక 127వ సంచిక సంపాదకీయంలో టక్కర్ అనే డీఎం నడిపిన కోబోల్డ్‌ల సంగతి వచ్చింది. ఆటలో అన్నిటికన్నా బలహీనమైన రాక్షసుల్లో ఒకటైన కోబోల్డ్‌లు ఇరుకు సందులు, మంటలు, ఉచ్చులు వాడుకుని పెద్ద పెద్ద లెవెల్ వీరులని ఏడిపించేవి. అంకెలో బుద్ధి కనబడదు, నేల కనబడదు.

ఎవరు ఆడుతున్నారన్నది కూడా కనబడదు. షాడో అని నీడలాంటి రాక్షసి ఒకటుంది, రేటింగ్ అర మాత్రమే. కానీ అది తాకిన ప్రతిసారీ బలం స్కోర్‌లో ఒకటి నుంచి నాలుగు దాకా పీల్చేస్తుంది, అది సున్నా అయితే చావే. బలం 16 ఉన్న ఫైటర్‌కి అది చికాకు, బలం 8 ఉన్న విజర్డ్‌కి అది యముడు. టీమ్‌లో ఇలాంటి అన్‌డెడ్‌ని (చచ్చినా తిరిగేవాటిని) తరిమే క్లెరిక్ ఉంటే ఫైట్ మొదలైనట్టే ఉండదు, క్లెరిక్ ఆడే అక్కకి ఆ ఆదివారం బ్యాంకులో క్లోజింగ్ పనుండి రాలేకపోతే మొత్తం కథే మారిపోతుంది. పైగా 2014 లెక్కలన్నీ రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు ఉంటాయి, వాటిల్లో స్పెల్స్ (మంత్రాలు) కరిగిపోతాయి అన్న ఊహ మీద నిలబడ్డాయి. మన టేబుళ్ల దగ్గర ఒక సాయంత్రానికి రెండు ఫైట్లు అయితే గొప్ప, మధ్యలో టీ, పకోడీలు, క్రికెట్ స్కోరు. అన్ని స్పెల్స్ చేతిలో పెట్టుకుని వచ్చిన టీమ్ ముందు 'డెడ్లీ' కూడా తుస్సుమంటుంది.

ఈ కొలతల విషయంలో ఇలాంటిదే ఇంకో ఆట, 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ చాలా మెరుగు. నలుగురికి మోడరేట్ 80, సివియర్ 120, ఎక్స్‌ట్రీమ్ 160 అని ఉంటుంది, మీ లెవెల్‌తో సమానమైన రాక్షసుడు 40, రెండు లెవెళ్లు పైవాడు 80, నాలుగు పైవాడు 160. అక్కడ లెవెల్ ప్రతి డైస్‌కీ కలుస్తుంది, కావలసిన అంకె కన్నా పది ఎక్కువొస్తే క్రిటికల్ (మామూలు కన్నా పెద్ద దెబ్బ) అవుతుంది, కాబట్టి రెండు లెవెళ్ల తేడా కూడా ఒంటికి తెలుస్తుంది. సివియర్ అంటే నిజంగా సివియరే.

అయినా ఈ పద్ధతితో నాకున్న అసలు పేచీ అంకెల తప్పుల గురించి కాదు. కొలిచి పెట్టే డీఎం దగ్గర కొన్నాళ్లు ఆడినవాళ్లకి ఒక అలవాటు వస్తుంది: ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కొట్టేయొచ్చు, లేకపోతే డీఎం ఎందుకు పెడతాడు? ఆ నమ్మకం కుదిరాక వాళ్లు చూడడం మానేస్తారు. గుహ ముందు ఎముకల గుట్ట ఉంటే అది అలంకారం అనుకుంటారు. అడగరు, పొంచి చూడరు, బేరం ఆడరు, పారిపోరు. ప్రాణభయం కావాలని మొదలెట్టి, చివరికి అది ఎవరికీ లేకుండా చేసుకుంటాం.

ఉన్నది ఉన్నట్టు వదలడం

రెండో పద్ధతిలో ఓగర్ ఆ గుహలో ఉంటాడు, వచ్చింది మొదటి లెవెల్ వాళ్లయినా పదో లెవెల్ వాళ్లయినా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి ఆటలో ఈ ఛాలెంజ్ రేటింగులు లేవు, అవి 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చాయి. మొదట్లో సూత్రం ఒకటే: గుహలో ఎంత లోతుకి దిగితే అంత ప్రమాదం, ఎంత దిగాలన్నది మీ ఇష్టం.

పాత ఆటలు ప్రాణాలు తీసేవని గొప్పగా చెప్పుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు, "అప్పట్లో కనికరం లేదు గురూ" అంటూ ఆ ఆటల్లోంచి కనికరం లేకపోవడాన్ని మాత్రమే తెచ్చుకుంటారు. పక్కనే ఉన్న రక్షణలు వదిలేస్తారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1981 బేసిక్ రూల్స్ చూడండి. రాక్షసుడు ఎదురైతే ముందు వాడి మూడ్ ఏంటో రెండు డైస్ వేసి చూడాలి, రెండు పడితేనే వెంటనే దాడి, అంటే 36లో ఒక్కసారి. మధ్య అంకెలు పడితే వాడూ తటపటాయిస్తాడు, మాట్లాడొచ్చు. ఫైట్ మొదలయ్యాక కూడా వాళ్లలో మొదటివాడు పడిపోగానే, తర్వాత సగంమంది పోగానే ధైర్యం చెక్ ఉంటుంది. గోబ్లిన్‌లకి అది 7, అంతకన్నా ఎక్కువ పడితే పరారు, 36లో 15 సార్లు పారిపోతాయి. పాయింట్లు ఎక్కువగా వచ్చేది చంపినందుకు కాదు, బంగారం బయటికి తెచ్చినందుకు, నాణేనికి ఒక పాయింటు. వెంటపడుతుంటే తిండి పారేస్తే రాక్షసుడు ఆగిపోయే అవకాశం కూడా రూల్‌లోనే రాసి ఉంది. ఇవన్నీ తీసేసి ఓగర్‌ని మాత్రం ఉంచితే అది పాత పద్ధతి కాదు, ఉత్త ఉరికంబం.

నేను చెప్పిన అతుకు ముందస్తు హెచ్చరిక. మన ఊళ్లో దీన్ని ఎవరికీ నేర్పక్కర్లేదు. తుపాను వస్తుంటే పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తారు, తర్వాత మూడు, అలా పది దాకా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తుపానుని మన పడవ సైజుకి తగ్గించి ఎవరూ పంపలేదు, కానీ అది వస్తోందని ఊరంతటికీ తెలుసు. రాక్షసుడి విషయంలో న్యాయం అంటే నాకు అదే. వాడి బలం మీద నాకు పూచీ లేదు, వాడి గురించి మీకు కబురు అందడం మీద ఉంది.

అయితే కబురులో సరుకుండాలి. "గుహలోంచి భయంకరమైన అరుపు వినిపించింది" అన్నది హెచ్చరిక కాదు, ఎలుక ఉన్నా డీఎంలు అదే చెప్తారు. ఓగర్ ఎలా కొడతాడో, ఎంత వేగమో, దేనికి ఆగుతాడో తెలిసే ముక్కలు కావాలి, అవి కనీసం రెండు మూడు వేర్వేరు దారుల్లో రావాలి. మా ఆటలో కొండ కింద పల్లెలో ముసలాయన అంటాడు: "ఎల్లకండి బాబూ. పోయిన అమాసకి మా దున్నపోతుని ఒక్క దెబ్బకి నడుం ఇరిచేసినాడు. పరిగెడితే మీకన్నా ముందుంటాడు ఆడు. మా తాత సద్దిమూట ఇసిరేసి బతికొచ్చినాడు." నాలుగు ముక్కల్లో డ్యామేజ్, స్పీడ్, తప్పించుకునే దారి అన్నీ వచ్చేశాయి. గుహ నోటి దగ్గర మధ్యకి మడత పడిపోయిన ఇనుప డాలు ఉంటుంది. మూడోది అనుభవం మీద తెలియాలి, కానీ చౌకగా: లోపలికి వెళ్లగానే వాడి మొదటి దెబ్బ కిరాయికి తెచ్చుకున్న గాడిద మీదో, పక్కనున్న రాతి స్తంభం మీదో పడుతుంది, స్తంభం ముక్కలవుతుంది. ఆ తర్వాత కూడా కత్తి దూసి ముందుకెళ్తే అది వాళ్ల నిర్ణయం.

ఇంకో అడుగు ముందుకేసి నేను అంకె కూడా చెప్పేస్తాను. "సగటు దెబ్బ 13, నీకున్నవి 7." మిస్టరీ పోతుంది కదా అని కొందరి అభ్యంతరం. నా లెక్క వేరు: విజర్డ్ క్యారెక్టర్ ఆ గుహలో నిలబడి ఉంటే ఆ కర్ర లావు, ఆ చెయ్యి పొడవు కళ్లారా చూస్తుంది. విజర్డ్ ఆడే కుర్రాడికి కనబడేది నా మొహం, వినబడేది నా గొంతు. కళ్లకి దొరికేదాన్ని నేను అంకెలో ఇస్తున్నాను, అంతే. పైగా అంకె విన్నాక టేబుల్ దగ్గర వచ్చే నిశ్శబ్దం ఎంత గొప్ప వర్ణన చేసినా రాదు. టెన్షన్ తెలియనితనంలోంచి కాదు, తెలిసీ వెళ్లాల్సి రావడంలోంచి వస్తుంది.

ట్రోల్ అనే రాక్షసుడి లాంటివాటికైతే ఇది ఇంకా ముఖ్యం. 2014 రూల్స్‌లో దానికి రౌండ్‌కి 10 హిట్ పాయింట్లు మళ్లీ మొలుస్తాయి, నిప్పో ఆసిడో తగిలితేనే ఆ వైద్యం ఆగుతుంది. తెలియని టీమ్‌కి అది ఎన్ని కొట్టినా చావని విసుగు, తెలిసిన టీమ్‌కి ప్లాన్ వేసుకునే సరదా. పల్లెలో పట్టపగలు కూడా ప్రతి గుమ్మం ముందూ కాగడా వెలుగుతూ ఉంటే, ఎందుకని అడిగే ప్లేయర్ ఒక్కడైనా ఉంటాడు.

ఇక ఈ పద్ధతిలో అసలు గొయ్యి. "బలంగా ఉంటే పారిపోవచ్చు కదా" అని డీఎంలు తేలిగ్గా అనేస్తారు. ఈ కాలపు రూల్స్‌లో పారిపోవడం దాదాపు కుదరదు. మనిషి వేగం 30 అడుగులు, ఓగర్‌ది 40. పక్కనుంచి కదిలితే వెనక నుంచి ఒక ఉచిత దెబ్బ. పడిపోయిన ఫ్రెండ్‌ని మొయ్యాలంటే ఇంకా నెమ్మది. అంటే పారిపోదామన్న నిర్ణయం తీసుకున్న టీమ్, నిలబడి కొట్టుకున్న టీమ్ కన్నా ఘోరంగా చస్తుంది, ఒకసారి అలా జరిగితే ఇంకెప్పుడూ పారిపోరు. కాబట్టి మా టేబుల్ దగ్గర ఒక రూల్ ఉంది, మొదటి రోజే చెప్పేస్తాను: ఎవరైనా "పోదాం రండి" అని, మిగతావాళ్లు సరే అంటే ఇనిషియేటివ్ (ఫైట్‌లో ఎవరి తర్వాత ఎవరన్న వరస) అక్కడితో ఆగిపోతుంది. డైస్ లేవు. ఒక్కొక్కరూ ఏదో ఒకటి వదులుకోవాలి: చద్దిమూట, దీపం, దొరికిన నగలు, కొత్తగా కొన్న కవచం. ఏమీ వదులుకోనివాడు ఒక దెబ్బ తింటాడు. ఆ వెల కట్టాక అందరూ బయటే. ఓగర్ గుహలోనే ఉంటాడు, వీళ్ల నగలు వేసుకుని. తిరిగి రావడానికి ఇంతకన్నా మంచి కారణం నేను కల్పించలేను.

ఒకవేళ నిలబడ్డారే అనుకోండి, ఈ పద్ధతిలో ఫైట్ చాలాసార్లు ఫైట్‌లా ఉండదు. రోగ్ ఏటిలోంచి ఈదుకుంటూ వెనక్కి వెళ్తుంది, ఫైటర్ మేకపిల్లని ఎరగా కడతాడు, విజర్డ్ దగ్గర స్లీప్ స్పెల్ ఉంటే అది 59 పాయింట్ల మీద పనిచెయ్యదని తెలుసు కాబట్టి ముందు పైనుంచి రాళ్లు దొర్లించి తగ్గిద్దామంటాడు. బడ్జెట్‌లో ఇవేవీ లేవు. కానీ ఇవి చేస్తారనే కదా ఈ ఆట.

తెర వెనక సర్దడం

మూడోది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు గానీ చాలామంది చేసేది ఇదే. ఓగర్ దెబ్బకి 17 పడింది, విజర్డ్ పోవాలి, డీఎం తన డైస్ కనబడకుండా అడ్డం పెట్టుకున్న తెర వెనక చూసి "6" అంటాడు. లేదా ఓగర్ రెండో రౌండ్‌లోనే పోబోతుంటే, ఇంత త్వరగానా అనుకుని ఇంకో 20 పాయింట్లు కలుపుతాడు.

వీళ్ల వాదనలో బలముంది, దాన్ని ఒప్పుకోవాలి. మా షిఫ్టు అన్న ఒకసారి అన్నాడు, "నాకు నెలకి ఒక్క ఆదివారం దొరుకుతాది, ఆ ఒక్కరోజూ రెండో రౌండ్‌లో చచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలేటి?" దానికి రూల్స్‌లో జవాబు లేదు. మనుషులు సరదాకి వచ్చారు, ఒక్క డైస్ వల్ల సాయంత్రం పాడవకూడదు.

కానీ ఆ జబ్బుకి ఈ మందు కాదు. సర్దడం రెండు మూడుసార్లు జరిగేసరికి ప్లేయర్లు పట్టేస్తారు, డీఎంలు అనుకునే దానికన్నా చాలా త్వరగా. తెర వెనక డైస్ పడిన తర్వాత వచ్చే ఆ చిన్న విరామం చాలు. పట్టేశాక చావు భయం పోతుంది, దాంతోపాటు గెలుపు కూడా పోతుంది, ఎందుకంటే ఓగర్‌ని చంపింది వాళ్ల ప్లానో డీఎం దయో తేల్చుకోలేరు. రోగ్ ఆడే కుర్రాడు తెలివిగా ఫస్ట్ రౌండ్‌లో 30 డ్యామేజ్ చేస్తే, నేను చాటుగా 20 కలిపానంటే వాడి తెలివికి జరిమానా వేసినట్టే.

సర్దడానికి న్యాయమైన చోటు ఒకటుంది. ఓగర్ 59 అన్నది సగటు మాత్రమే, అసలు సూత్రం 7డీ10+21, అంటే 28 నుంచి 91 దాకా ఏ అంకె అయినా పుస్తకం ఒప్పుకునేదే. ముసలి ఓగర్ అనుకుంటే 40 పెట్టుకో, కండలు తిరిగినవాడైతే 80 పెట్టుకో. ఇనిషియేటివ్ వెయ్యకముందు కాగితం మీద రాసెయ్యి, తర్వాత కొట్టెయ్యకు. డైస్ మాత్రం అందరి ముందూ పడాలి. నేను తెర వాడడం మానేశాను, మ్యాపులు దాచుకోవడానికి ఒక ఫైల్ అడ్డం పెడతాను, అంతే. ఓగర్ డైస్‌ని టేబుల్ మధ్యలో వేస్తే యూనివర్సిటీ కుర్రాళ్లు కుర్చీలోంచి లేచి చూస్తారు, క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్‌కి లేచినట్టు.

సర్దాలని చెయ్యి లాగితే ఓగర్ అంకెలు వదిలెయ్యండి, ఓగర్ బుర్రని వాడండి. వాడికి కావలసింది తిండి. పడిపోయినవాణ్ణి మళ్లీ ఎందుకు కొడతాడు? భుజాన వేసుకుని లోపలికి పోతాడు. సగం హిట్ పాయింట్లు పోయాక ఎందుకు నిలబడతాడు? వాడికీ ప్రాణం తీపే. ఇవి సర్దుబాట్లే, కానీ టేబుల్ మీద అందరికీ కనబడే సర్దుబాట్లు, కథలోంచి వచ్చినవి.

మరి ఎవరికి ఏది

ఒక్కసారి కలిసి మళ్లీ కలవని గుంపు, బీచ్ రోడ్డు కేఫ్‌లో మూడు గంటల ఆట, సగంమందికి ఇదే మొదటిసారి అయితే మొహమాటం లేకుండా మొదటి పద్ధతి. వాళ్లకి హెచ్చరికలు చదవడం ఇంకా రాదు, పారిపోతే మళ్లీ రావడానికి వచ్చే ఆదివారం లేదు. మోడరేట్ ఫైట్ ఒకటి, చివర్లో హై ఒకటి, అయిపోయింది. నెలలకొద్దీ నడిచే ఆటలో కూడా మొదటి లెవెల్ మట్టుకు నేను రెండిటినీ కలుపుతాను, ఎందుకంటే ఆ 7 హిట్ పాయింట్ల దగ్గర తెలివైన ప్లాన్‌కీ, దురదృష్టానికీ మధ్య ఒక్క డైసే ఉంటుంది. ఓగర్ ఉంటాడు, కబురూ అందుతుంది, కానీ వాడి దారిలోకి వెళ్లకుండా ఆ సాయంత్రం గడిపే పని ఇంకొకటి కూడా ఉంటుంది. మూడో లెవెల్ దాటాక అంకెలు చూసేది నా కోసమే, ఎంత గట్టిగా హెచ్చరించాలో తెలుసుకోవడానికి: బడ్జెట్‌కి రెండింతలు ఉంటే కబురు మూడు దారుల్లో, నాలుగింతలు ఉంటే ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంది. పాత్‌ఫైండర్ ఆడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, అక్కడ నాలుగు లెవెళ్లు పైనున్నవాడి ముందు తెలివి కూడా డైస్ రూపంలోనే ఓడిపోతుంది.

షిఫ్టు అన్న ప్రశ్నకి మా టేబుల్ జవాబు ఏంటంటే, ఓగర్ గుహలో ఎప్పుడూ ఇద్దరు ఖైదీలు ఉంటారు. చేతులు కట్టేసి, రేపటి భోజనానికి దాచిపెట్టినవాళ్లు. వాళ్ల షీట్లు (క్యారెక్టర్ వివరాల కాగితాలు) నేను ముందే నింపి ఫైల్లో పెట్టుకుంటాను, ఒకటి కత్తి పట్టేది, ఒకటి స్పెల్స్ వేసేది. ఎవరి క్యారెక్టర్ పోతే వాళ్లకి ఒకటి ఇచ్చేస్తాను, ఆ రౌండ్ చివర్లోనే కట్లు తెంపుకుని ఫైట్‌లోకి దిగుతారు. ఈ ఖైదీలకి ఓగర్‌తో పాత కక్ష ఉంటుంది, వాడు ఎప్పుడు నిద్రపోతాడో కూడా తెలిసి ఉంటుంది. పోయిన క్యారెక్టర్ పేరు షీట్ మీద కొట్టేసి, తేదీ వేసి, ఫైల్ వెనక జేబులో పెడతాం. షిఫ్టు అన్న షీట్లు ఇప్పటికే అక్కడ కొన్ని ఉన్నాయి, అయినా ఆదివారం దొరికితే చాలు, నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చేస్తాడు.